కట్టలోనుండి ఒక్క ఠావు
(కాగితాన్ని అందించే యంత్రాల కథ)

ఫిబ్రవరి నెలలో గుంటూరు మిరప యార్డు టిక్కీలతో నిండిపోతుంది. పల్లెలలో కళ్లాలన్నీ ఎర్రని తివాచీలు పరచినట్లుంటాయి. ఆ దినాలలోనే ఉన్నత పాఠశాలల్లో పదవ తరగతి పిల్లలకు సన్నాహక పరీక్షలు జరుగుతాయి. ప్రశ్నపత్రాన్ని కంప్యూటరుపై కూర్చి, అచ్చు కోసం మీట నొక్కిన ఉపాధ్యాయునికి ఒక్కొక్కసారి విచిత్రమైన అనుభవం కలుగుతుంది. ప్రింటరు ట్రే నిండా తెల్ల కాగితం ఉన్నది. లోపల రోలరు గిర్రున తిరిగిన చప్పుడు వినవస్తుంది. మరల తిరుగుతుంది. మూడవసారి కూడా తిరిగి ఆగిపోతుంది. ఎర్ర దీపం వెలిగి, ట్రేలో కాగితం లేదని యంత్రం తెలియజేస్తుంది. కమిషను కొట్టులో తక్‌పట్టీ కోసం నిలబడిన రైతుకూ, ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థికీ ఇదే చిక్కు ఎదురుకావచ్చు.

అంగుళం పొడవులో ఆరువందల చుక్కలను తప్పులేకుండా పొదగగల యంత్రం, ఎదుట ఉన్న కట్టనుండి ఒక్క కాగితాన్ని తీసుకోలేకపోవడమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉన్నది. ఐరోపాలో అచ్చు విద్య పుట్టి ఐదువందల డెబ్బై ఏళ్లు దాటింది. అందులో నాలుగువందల ఏళ్లకు పైగా, కట్టనుండి ఒక్కొక్క ఠావును విడదీసి అందించినది మనిషి చేయి. యంత్రం ఈ పనిని నేర్చుకొన్నది చాలా ఆలస్యంగా. అది ఎట్లా నేర్చుకొన్నదో తెలిస్తే, మొరాయించిన యంత్రాన్ని దారికి తేవడం అంత కష్టం కాదు.

అందించే చేయి

జర్మనీలోని మైంజ్ నగరంలో యోహాన్ గుటెన్‌బర్గ్ 1450 ప్రాంతంలో అచ్చు పని సాగించాడు. ఆనాటి కొయ్య యంత్రం వద్ద ఇద్దరు పనివారు నిలబడేవారు. ఒకడు అక్షరాలకు సిరా అద్దేవాడు. రెండవవాడు కట్టపైనుండి ఒక ఠావును తీసి, తోలు బిగించిన చట్రంపై పరచి, అక్షరాలపైకి మడిచి, పెద్ద మీటను లాగేవాడు. చట్రంలోని రెండు సన్నని ముళ్లు కాగితానికి గుచ్చుకొని దానిని కదలకుండా పట్టేవి. సిరా బాగా అంటడానికి కాగితాన్ని ముందుగానే తడిపి ఉంచేవారు. ఇద్దరూ ఎడతెగక పనిచేసినా గంటకు 200 నుండి 250 ఠావుల కంటే ఎక్కువ అచ్చయ్యేవి కావు.

తెలుగు అక్షరం అచ్చులోకి వచ్చింది కూడా ఇట్టి చేతి యంత్రాల మీదనే. బెంజమిన్ షుల్ట్జ్ అనే మిషనరీ 1746, 1747 సంవత్సరాలలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలను అచ్చువేయించాడు. కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణం 1816లో మద్రాసులో అచ్చయింది. 1818లో శ్రీరామపురం మిషను వారు బైబిలు కొత్త నిబంధనను తెలుగులో ముద్రించారు. వీటి ప్రతి పుటను ఎవరో ఒక పనివాని చేయి కట్టనుండి తీసి యంత్రానికి అందించింది.

ఆ చేయి చేసే పనిని కొంచెం గమనించాలి. పనివాడు ముందు కట్టను విసనకర్రలాగా విప్పి ఠావుల నడుమకు గాలి పోనిస్తాడు. అంచులను బల్లకు తట్టి సరిచేస్తాడు. వేలిని తడిచేసి పై ఠావుపై ఆనించి ముందుకు నెడతాడు. రెండు కలిసి వస్తే వేలి స్పర్శకు వెంటనే తెలుస్తుంది. రెండవదానిని మరో వేలితో వెనుకకు ఆపుతాడు. బ్యాంకులో నోట్లు లెక్కించే గుమాస్తా చేసేదీ ఇదే. ఇది సులభంగా కనిపించే పని. చేసేవానికి కూడా తాను ఒక విద్యను ప్రదర్శిస్తున్నానని తోచదు. అందుచేతనే ఇది ఎంత కష్టమైనదో యంత్రనిర్మాతలకు చాలాకాలం తెలియలేదు.

ఆవిరి తొందర

1814 నవంబరు 29వ తేదీన లండనులో టైమ్స్ పత్రిక మొదటిసారిగా ఆవిరి యంత్రంపై అచ్చయింది. ఆ యంత్రాన్ని నిర్మించినవాడు ఫ్రీడ్రిక్ కోనిగ్ అనే జర్మను. చేతి యంత్రాలపై గంటకు రెండువందల ఏబది ఠావులు అచ్చయ్యే చోట, ఇది గంటకు 1,100 ఠావులను అచ్చువేసింది. తమ జీవనోపాధి పోతుందని పనివారు అలజడి చేస్తారేమోనన్న భయంతో యజమాని జాన్ వాల్టర్ యంత్రాన్ని రహస్యంగా బిగింపించాడు. మరొక పని దొరికేవరకు వారికి జీతాలు ఇస్తానని హామీ కూడా ఇచ్చాడు.

కానీ ఒక వింత. మీట లాగే పని పోయింది, సిరా అద్దే పని పోయింది. ఠావును అందించే పని మాత్రం పోలేదు. గిర్రున తిరిగే స్తూపం వద్ద మనిషి నిలబడి ఒక్కొక్క ఠావును చేతితో పెట్టవలసి వచ్చింది. మనిషి చేయి ఎంత వేగమో యంత్రమూ అంతే వేగం. వేగం పెంచాలంటే చేతుల సంఖ్య పెంచడం ఒక్కటే మార్గం. 1828 ప్రాంతంలో ఆపిల్‌గాత్, కౌపర్ అనేవారు నిర్మించిన యంత్రం గంటకు 4,000కు పైగా ఠావులను అచ్చువేసింది. దానికి కాగితం అందించడానికి నలుగురు మనుష్యులు కావలసి వచ్చారు. 1848లో ఆపిల్‌గాత్ నిలువు స్తూపం గల యంత్రాన్ని నిర్మిస్తే దాని చుట్టూ ఎనిమిదిమంది నిలబడ్డారు. అమెరికాలో రిచర్డ్ హో నిర్మించిన యంత్రాలలో ఆ సంఖ్య పదికి చేరింది.

చివరకు కొందరు ఈ చిక్కును విప్పక, ప్రక్కనుండి దాటిపోయారు. ఫ్రాన్సులో నికొలాస్ లూయీ రాబర్ట్ 1799లోనే ఎడతెగని కాగితాన్ని తయారుచేసే యంత్రానికి హక్కు పొందాడు. కాగితం పొడవైన చుట్టగా లభిస్తున్నపుడు దానిని ఠావులుగా కోసి మరల ఒక్కొక్కటిగా అందించడమెందుకు? ఈ ఆలోచనతో విలియం బుల్లక్ అనే అమెరికను 1860 తరువాతి ఏళ్లలో చుట్టనుండే అచ్చువేసే యంత్రాన్ని ఫిలడెల్ఫియా నగరంలో నెలకొల్పాడు. పాపం, 1867లో తన యంత్రాన్ని సరిచేస్తుండగా అతని కాలు దానిలో చిక్కి నలిగింది. కుళ్లు వ్యాపించి, కాలు తీసివేసే శస్త్రచికిత్స జరుగుతుండగా మరణించాడు. పెద్ద దినపత్రికలు నేటికీ చుట్ట కాగితంపైనే అచ్చవుతున్నాయి. అయితే పెళ్లి శుభలేఖలు, రసీదు పుస్తకాలు, ప్రశ్నపత్రాలు ఠావులపై అచ్చు కావలసిందే. చిక్కు అక్కడ అట్లాగే నిలిచిపోయింది.

మన పట్టణాల ట్రెడిలు

అమెరికాలో జార్జి గోర్డన్ 1851లో హక్కు పొందిన చిన్న యంత్రం, దాని తరువాతి రూపాలలో, ప్రపంచమంతటా వ్యాపించింది. కాలితో త్రొక్కి నడిపే ఈ యంత్రానికి మన దేశంలో ట్రెడిలు అనే పేరు నిలిచింది. ఇరవయ్యవ శతాబ్దంలో గుంటూరు, తెనాలి, చీరాల, ఒంగోలు వంటి పట్టణాలలో వెలసిన చిన్న అచ్చుకూటాలకు ఇదే ఆధారం. అచ్చుకూటాలకు పేరుపొందిన తెనాలి వీధులలో దీని టకటక చప్పుడు తెల్లవారినది మొదలు వినిపించేది.

ట్రెడిలులో రెండు ఇనుప పలకలుంటాయి. ఒకదానిపై అక్షరాలు, రెండవదానిపై కాగితం. గవ్వ నోరు తెరచి మూసినట్లుగా ఇవి తెరచుకొని మూసుకొంటాయి. తెరచిన క్షణంలో పనివాడు ఒక చేతితో అచ్చయిన ఠావును తీసి, రెండవ చేతితో కొత్త ఠావును పెట్టాలి. నేర్పుగల పనివాడు గంటకు వేయి వరకు ఇట్లా పెట్టగలిగేవాడు. అంటే ప్రతి ఠావుకు నాలుగు సెకండ్లలోపే వ్యవధి. దృష్టి మరలినా, రెండు ఠావులు అంటుకొని వచ్చి వాటిని విడదీయబోయినా, వేళ్లు పలకల నడుమ పడేవి. ఇట్లా వేళ్లు పోగొట్టుకొన్న కార్మికులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఠావును అందించే యంత్రం కోసం జరిగిన అన్వేషణ కేవలం వేగం కోసమే కాదని ఈ సంగతి తెలుపుతుంది.

అందని ఠావు చేసిన మేలు

ఒంగోలు ప్రాంతం కూడా చేరి గుంటూరు జిల్లా ఏర్పడినది 1904లో. దాదాపు ఆ రోజులలోనే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక పొరపాటు అచ్చు చరిత్రనే మార్చివేసింది. ఐరా రూబెల్ అనే ముద్రాపకుడు రాతి అచ్చు యంత్రాన్ని నడిపేవాడు. కాగితాన్ని అదిమే స్తూపానికి రబ్బరు గుడ్డ చుట్టి ఉండేది. ఒకనాడు ఒక ఠావు యంత్రానికి అందలేదు. కాగితం లేకపోవడంతో అక్షరాలు రబ్బరుపైనే అచ్చయ్యాయి. తరువాత వచ్చిన ఠావుకు ముందువైపు రాతినుండి, వెనుకవైపు రబ్బరునుండి, రెండు వైపులా అచ్చు పడింది. పాడైన ఠావుగా పారవేయవలసిన దానిని రూబెల్ పరిశీలించాడు. రబ్బరునుండి పడిన అచ్చే మరింత స్పష్టంగా ఉన్నది! మెత్తని రబ్బరు కాగితపు ఎత్తుపల్లాలకు ఒదిగిపోవడమే దీనికి కారణం. ఈ సూత్రంపై అతడు కొత్త యంత్రాన్ని నిర్మించాడు. అదే ఆఫ్‌సెట్ ముద్రణ. నేడు మన పిల్లల పాఠ్యపుస్తకాలు ఈ పద్ధతిలోనే అచ్చవుతున్నాయి. కాగితం అందకపోవడమనే లోపాన్ని విసుగుకొనక పరిశీలించినందుకు లోకానికి దక్కిన ఫలమిది.

తేమతో పోరు

దీనికి రెండేళ్ల ముందు, 1902లో, న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతంలో ఒక అచ్చుకూటం వారు మరొక బాధ పడ్డారు. రంగుల బొమ్మను అచ్చువేయాలంటే ఒకే ఠావును పలుమార్లు యంత్రానికి అందించాలి. వేసవి గాలిలోని తేమ రోజురోజుకు మారడంతో ఠావులు ఉబ్బుతూ, కుదించుకొంటూ ఉండేవి. ఎరుపు ఒకచోట, పసుపు మరొకచోట పడేవి. కాగితంలోని సెల్యులోజు నీటి ఆవిరిని పీల్చుకొనే స్వభావం కలది. ఈ చిక్కును తీర్చడానికి విల్లిస్ కారియర్ అనే ఇరువది ఐదేళ్ల ఇంజనీరును నియమించారు. అతడు చల్లని నీరు ప్రవహించే గొట్టాలపై గాలిని నడిపి, దానిలోని తేమను 55 శాతం వద్ద నిలిపే ఏర్పాటును రూపొందించాడు. నేటి ఎయిర్ కండిషనరుకు ఇదే ప్రారంభం. మనుష్యుల సుఖం కోసం కాక, కాగితం సుఖం కోసం పుట్టిన యంత్రమన్నమాట. గుంటూరు చుట్టుప్రక్కల మిరప టిక్కీలను దాచే శీతల గిడ్డంగులలో కూడా చల్లదనాన్ని, తేమను అదుపులో ఉంచే ఈ శాస్త్రమే పనిచేస్తున్నది.

గాలి, ముళ్లు, రబ్బరు

ఠావును విడదీయడానికి యంత్రం మూడు మార్గాలు నేర్చుకొన్నది.

మొదటిది గాలి. కట్ట అంచు వద్ద సన్నగా గాలిని ఊదితే పై ఠావు కొద్దిగా లేస్తుంది. శూన్యం గల చిన్న గొట్టం దానిని పీల్చి పట్టుకొంటుంది. కొలోన్ నగరానికి చెందిన కార్ల్ గిల్కె ఆలోచనపై హైడెల్‌బర్గ్ సంస్థ నిర్మించిన యంత్రాన్ని 1914లో లైప్జిగ్ ప్రదర్శనలో చూపించారు. గాలిమర రెక్కలవంటి రెండు ఉక్కు చేతులు, ఒకటి ఠావును అందిస్తుంటే మరొకటి అచ్చయినదానిని తీసివేసేవి. తరువాతి కాలంలో ఈ యంత్రం గంటకు 5,000 ఠావుల దాకా అచ్చువేయగలిగింది. పలకల నడుమ మనిషి చేయి పెట్టనవసరం లేకపోయింది.

రెండవది ముళ్లు. 1912లో అమెరికాలోని డేటన్ నగరంలో, అంచుల వెంట రంధ్రాలున్న పొడవైన కాగితాన్ని పండ్ల చక్రంతో లాగే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1959లో వచ్చిన ఐబీఎం 1403 వంటి కంప్యూటరు ప్రింటర్లు, ఆ తరువాతి డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు కాగితాన్ని ఈ విధంగానే లాగాయి. రంధ్రంలో పన్ను దూరి లాగుతుంటే కాగితం జారే ప్రశ్న లేదు. కానీ ఇది కూడా బుల్లక్ వలె చిక్కును ప్రక్కనుండి దాటడమే.

మూడవది రబ్బరు. పాఠశాల కార్యాలయాలలో ఒకనాడు సైక్లోస్టైల్ యంత్రం ఉండేది. లండనులో డేవిడ్ గెస్టెట్నర్ 1881 నుండి అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. మైనపు కాగితంపై టైపు చేసి, సిరా స్తూపానికి చుట్టి, పిడి త్రిప్పితే ప్రశ్నపత్రాలు వచ్చేవి. ఇట్టి యంత్రాలలో రబ్బరు చక్రాలు పై ఠావును ముందుకు నెట్టేవి. చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న కనుగొన్న పొడి అచ్చు పద్ధతిని ఆధారం చేసికొని 1959లో జిరాక్స్ 914 యంత్రం వచ్చింది. 1977లో వచ్చిన జిరాక్స్ 9700 అనే లేజరు ప్రింటరు సెకండుకు రెండు పుటలు వేసేది. అది ఒక గదిలో సగం ఆక్రమించేది. 1984లో బల్లపై ఇమిడే లేజరు ప్రింటర్లు బజారులోకి వచ్చాయి. ఇంటికి, చిన్న కొట్టుకు తగిన ధరలో యంత్రం కావాలంటే గాలి పంపులు పెట్టడానికి వీలులేదు. కనుక రబ్బరు చక్రమే ఇంటి ప్రింటరుకు వేలు అయింది.

మూడు ఘర్షణలు

ఇంటి ప్రింటరు పూర్తిగా ఘర్షణపై ఆధారపడిన యంత్రం. ఫ్రాన్సులో అమాంతోన్ 1699లోనూ, కూలుంబ్ 1785లోనూ తెలిపిన సూత్రాలు ఉన్నత పాఠశాల విద్యార్థులకు పరిచితమే. రెండు తలాలను ఎంత బలంతో అదిమితే ఘర్షణ బలం అంత పెరుగుతుంది. ఆ రెండింటి నిష్పత్తి ఘర్షణ గుణకం. రబ్బరు ఈ సూత్రాన్ని పూర్తిగా పాటించదు గాని, స్థూలమైన లెక్కకు ఇది చాలును.

ప్రింటరులో మూడు జోడీలున్నవి. ఒకటి, రబ్బరు రోలరుకు పై ఠావుకు నడుమ ఘర్షణ. ఇది అన్నిటికంటే ఎక్కువగా ఉండాలి. రెండు, రోలరుకు ఎదురుగా ఉండే చిన్న మెత్తకు, క్రింది ఠావుకు నడుమ ఘర్షణ; ఇది మధ్యరకంగా ఉండాలి. మూడు, ఠావుకు ఠావుకు నడుమ ఘర్షణ. ఇది అన్నిటికంటే తక్కువగా ఉండాలి. రోలరు పనివాని మొదటి వేలు. మెత్త, రెండవ ఠావును ఆపే మరో వేలు. ట్రే అడుగున కట్టను పైకి లేపే స్ప్రింగు అతని అరచేయి.

ఒక లెక్క వేసి చూద్దాం. రోలరు 200 గ్రాముల బరువుతో కట్టను అదుముతున్నదనుకొందాం. కొత్త రబ్బరుకు కాగితానికి ఘర్షణ గుణకం 1.5 అనుకొంటే రోలరు 300 గ్రాముల బలంతో లాగగలదు. ఠావుకు ఠావుకు గుణకం 0.5 అయితే ఎదురు బలం 100 గ్రాములే. పై ఠావు కదులుతుంది. అది తనతో రెండవదానిని 100 గ్రాముల బలంతో లాగుతుంది. మెత్తకు గుణకం 0.9 అయితే అది 180 గ్రాముల వరకు ఆపగలదు. కనుక రెండవది ఆగిపోతుంది. ఒక్క ఠావే ముందుకు సాగుతుంది.

ఇప్పుడు రోలరుపై దుమ్ము పేరుకొని గుణకం 0.4కు పడిపోయిందనుకోండి. లాగే బలం 80 గ్రాములు. ఎదురు బలం 100. రోలరు తిరుగుతుంది, ఠావు కదలదు. కాగితం దారిలో ఉన్న చిన్న మీటను ఠావు తాకదు. ఆ మీట కదలకపోతే ట్రేలో కాగితం లేదనే యంత్రం గ్రహిస్తుంది. ఇదే ఎర్ర దీపం రహస్యం. దీనికి భిన్నంగా, తేమవల్ల ఠావులు ఒకదానికొకటి అంటుకొని వాటి నడుమ పట్టు మెత్త పట్టును మించితే, రెండు మూడు కలిసి దూరి లోపల ఇరుక్కొంటాయి. ఒక్కటీ రాకపోవడం, రెండు రావడం అనే రెండు బాధలూ ఒకే త్రాసు అటు ఇటు మొగ్గడమే.

దీనిని తరగతిలో చూపడం సులభం. ఒక చెక్కపై తెల్ల కాగితాన్ని అంటించాలి. ఒక చిన్న కొయ్య దిమ్మెకు అడుగున కాగితం చుట్టి చెక్కపై పెట్టి, చెక్క ఒక కొనను మెల్లగా ఎత్తాలి. దిమ్మె జారే కోణాన్ని కొలవాలి. ఆ కోణపు టాన్‌జెంటే ఘర్షణ గుణకం. 27 డిగ్రీల దగ్గర జారితే గుణకం సుమారు 0.5. పాత సైకిలు ట్యూబు ముక్కను దిమ్మె అడుగున అంటించి మరల చేస్తే కోణం ఎంత పెరుగుతుందో విద్యార్థులే చూస్తారు. తరువాత ఆ రబ్బరుపై సుద్దముక్క పొడిని రాసి మూడవసారి చేయాలి. కోణం పడిపోతుంది. క్యారమ్ బల్లపై పొడి చల్లితే బిళ్లలు జారడం పిల్లలకు తెలిసినదే. రోలరుపై దుమ్ము చేసే పనీ అదే.

పత్తినేలలో దుమ్ము

ఈ దుమ్ము ఎక్కడిది? మొదటిది కాగితంలోనిదే. కాగితం సెల్యులోజు పోగుల అల్లిక. తెల్లదనానికి, నునుపుకు దానిలో సుద్దను కూడా కలుపుతారు. ఠావుల అంచులను కోసినపుడు తెగిన పోగులు, సుద్ద నుసి అక్కడే అంటుకొని ఉంటాయి. ప్రతి ఠావు పోతూ పోతూ రోలరుకు కొంచెం నుసిని అంటిస్తుంది. ప్రకాశం జిల్లా మెట్ట పొలాలలో పెంచే సుబాబులు, జామాయిలు కర్ర కాగితపు మిల్లులకు పోయి గుజ్జుగా మారుతున్నది. ఆ పొలంలో పెరిగిన పోగే తెల్ల కాగితమై తిరిగి ఒంగోలు కార్యాలయానికి రావడం అసంభవం కాదు.

రెండవది ఈ నేలది. జిన్నింగు మిల్లుల చుట్టుప్రక్కల గాలిలో పత్తి నూగు తేలుతుంటుంది. పత్తిలో నూటికి తొంబై పాళ్లు సెల్యులోజే. అంటే పత్తి నూగు, కాగితపు నుసి ఒకే ఇంటివి. యార్డు పరిసరాలలో మిరప పొట్టు, ఎండిన గింజల పొడి కలుస్తాయి. ఫంకా తిరిగే కొట్టులో, మూతలేని ట్రేలో ఇవన్నీ దిగుతాయి. ఒక్క మిరప గింజ కాగితం దారిలో పడినా ఠావు మూల మడతపడి ఇరుక్కొంటుంది.

మూడవది ఋతువులది. మే నెలలో పలనాడులోని రెంటచింతల పేరు ఎండల వార్తలలో తరచు వినవస్తుంది. ఆ వడగాలికి కాగితంలోని తేమ ఆవిరైపోయి, స్థిర విద్యుత్తు పుట్టి, దువ్వెనకు కాగితపు ముక్కలు అంటినట్లు ఠావులు ఒకదానికొకటి అంటుకొంటాయి. అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను గాలి వీచినపుడు బాపట్ల, చీరాల తీరాన కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది. వేడికి, గాలిలోని ఆక్సిజనుకు రబ్బరు గట్టిపడి గాజులాగా మెరుస్తుంది. మెరిసే రోలరు ముసలి రోలరు.

మొరాయించిన యంత్రానికి చికిత్స

ఇంత కథ తెలిసిన తరువాత చికిత్స దానంతట అదే తోస్తుంది. పాత అచ్చుకూటం పనివాడు చేసిన పనులనే వరుసగా చేయాలి.

ముందు విద్యుత్తు తీగను ఊడదీయాలి. లేజరు ప్రింటరైతే లోపలి భాగం చాలా వేడిగా ఉంటుంది, అరగంట చల్లారనివ్వాలి. ట్రేనుండి కట్టను తీసి, విసనకర్రలా విప్పి, అంచులు తట్టి సరిచేయాలి. తేమ పట్టిన, మూలలు మడిచిన ఠావులను వేరుచేయాలి. కట్టను తలక్రిందులు చేసి పెట్టడం కూడా కొన్నిసార్లు ఫలిస్తుంది. ట్రేలోని గీతకు మించి నింపరాదు. ఎ4 ఠావు వైశాల్యం చదరపు మీటరులో పదహారవ వంతు. 80 గ్రాముల కాగితమైతే ఒక్కొక్కటి 5 గ్రాములు, ఐదువందల కట్ట రెండున్నర కిలోలు. అంత బరువును ఎత్తలేని స్ప్రింగు రోలరుకు కట్టను సరిగా ఆనించలేదు. ప్రక్కనుండే పట్టీలు కట్టను తాకాలి గాని బిగించరాదు.

తరువాత దీపం వెలుగులో దారిని చూడాలి. గుండుసూది, చినిగిన కాగితపు ముక్క, గింజ ఏదైనా ఉంటే తీయాలి. ఇరుక్కొన్న ఠావును రెండు చేతులతో, కాగితం నడిచే దిక్కుగానే మెల్లగా లాగాలి.

ఆ తరువాత రోలరు. సాధారణంగా ట్రే బయటకు తీస్తే పైభాగంలోనో, వెనుక వైపునో నల్లగానో బూడిదరంగుగానో కనిపిస్తుంది. నూగు రాలని మెత్తని గుడ్డను మంచినీటితో తడిపి, గట్టిగా పిండి, రోలరును కొంచెం కొంచెంగా త్రిప్పుతూ చుట్టూ తుడవాలి. గుడ్డకు అంటే తెల్లని మసి చూస్తే దోషం ఎక్కడున్నదో తెలిసిపోతుంది. ఎదురుగా ఉన్న మెత్తను కూడా తుడవాలి. పూర్తిగా ఆరిన తరువాతనే ట్రే పెట్టాలి. కిరోసిను, పెట్రోలు, టర్పెంటైను వాడరాదు. అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే ఆ రోజుకు పట్టు వచ్చినా రోలరు ఆకారం చెడుతుంది. తుడిచినా పట్టు రాకపోతే, మెరుపు పోకపోతే, రోలరు ముసలిదయిందన్నమాట. చాలా యంత్రాలలో రోలరును, మెత్తను విడిగా మార్చుకోవచ్చు. కట్టకు ఒక మూత, యంత్రానికి ఒక గుడ్డ కప్పితే ఈ పని తరచు రాదు.

గుప్పెడు నుసి కోసం, అరిగిన రబ్బరు ముక్క కోసం మంచి యంత్రాన్ని మూలకు నెట్టడం మనకు అలవాటైంది. అట్టి యంత్రం చివరకు పాత సామాను బండికెక్కుతుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలలో ప్రింటర్లు కూడా చేరి ఉన్నాయి. వాటిని నమోదైన సంస్థల ద్వారానే విచ్ఛిన్నం చేయవలసి ఉన్నది. యంత్రం ఆయువు పెరిగితే ఆ అవసరం కూడా ఆలస్యమవుతుంది. ఒక పాఠశాలకు ఒక ప్రింటరు పరీక్షల ముందు పనిచేయడం, మానడం చిన్న సంగతి కాదు.

ట్రెడిలు ముందు నిలబడిన పనివాడు ప్రతి ఠావుకు ముందు వేలు తడిచేసుకొనేవాడు. తడిగుడ్డతో రోలరును తుడిచే ఉపాధ్యాయుడు ఆ పనినే యంత్రానికి చేసిపెడుతున్నాడు. ఆ సమయంలో నలుగురు విద్యార్థులను దగ్గర నిలబెట్టుకొని, గుడ్డకు అంటిన మసిని చూపి, లాగే బలమెంత, ఎదురు బలమెంత అని ప్రశ్నించగలిగితే, ఘర్షణ పాఠానికి అంతకంటే మంచి ప్రయోగశాల అక్కరలేదు.